మేకుకు మిగిలిన రిటర్న్ పాస్

మా బొగ్గు బాయి, అంటే గని, ల్యాంప్‌రూంలో నాకిచ్చిన ఇత్తడి బిళ్ల మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను: ఇక్కడ రాయబోయే దాంట్లో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. గోదావరిఖనిలో నా పేరు చెప్పి చూడండి, "ఎవరు, కథల మొగిలా?" అంటారు. నవ్వనివ్వండి. బిళ్ల నంబరు 317. ఇప్పటికీ నా జేబులోనే ఉంది, అడిగితే చూపిస్తాను.

2013 మే నెల. తెలంగాణ రాష్ట్రం రావడానికి ముందు ఏడాది ఎండాకాలం. హైదరాబాద్ నుంచి రామగుండం వచ్చే నాలుగు లైన్ల రోడ్డు మీద ఒక టోల్ ప్లాజాలో నేను పాస్ కౌంటర్ చూసేవాణ్ణి. అంతకు ముందు పన్నెండేళ్లు బొగ్గు బాయి ల్యాంప్‌రూంలో చేశాను. ఆ బాయి మూతపడబోతుందని తెలిశాక గోల్డెన్ హ్యాండ్‌షేక్ కింద ఇచ్చిన డబ్బు తీసుకుని ముందే రిటైరై బయటికొచ్చి, కొన్నాళ్లు అదీ ఇదీ చేసి, చివరికి టోల్ గేటు దగ్గర తేలాను.

ఇప్పుడైతే అద్దానికి అంటించిన స్టిక్కర్‌ను మిషన్ చూస్తుంది, గేటు లేస్తుంది, ఎవరి మొహమూ ఎవరూ చూసుకోరు. అప్పట్లో అంతా కాగితమే. మా బోర్డు చదివితే కొత్తగా వచ్చినవాళ్లకు తల తిరిగేది. సింగిల్ అంటే ఒక్కసారి దాటడానికి. రిటర్న్ అంటే ఇరవై నాలుగు గంటల్లోపు అదే బండి అదే ప్లాజా మీదుగా తిరిగి వెళ్లడానికి. రెండు సింగిళ్లు విడిగా కొన్నదాని కంటే తక్కువలో అయిపోతుంది, చీటీ పోగొట్టుకుంటే మాత్రం మళ్లీ మొదటికే. మంత్లీ రోజూ తిరిగేవాళ్లకు. లోకల్ పాస్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు, దానికి అడ్రసు కాగితం చూపించాలి. జనం పొరపాటు చేసేది ఎక్కడంటే, ముందు రేట్లు చూస్తారు. నేను రేటు చెప్పకముందే రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఎప్పుడు తిరిగొస్తారు? ఈ రోడ్డు మీదనే వస్తారా? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ పాస్ కావాలో దానంతట అదే తేలిపోతుంది.

నా కౌంటర్‌లో ఇంకొకటి ఉండేది, ఏ టోల్ గేటులోనూ కనపడనిది. ఒక ప్లైవుడ్ చెక్క, దానికి వరసగా కొట్టిన మేకులు. రిటర్న్ పాస్ ఇచ్చినప్పుడు మా దగ్గర మిగిలే సగం చీటీని, అంటే కౌంటర్‌ఫాయిల్‌ను, ఒక మేకుకు గుచ్చేవాణ్ణి. బండి తిరిగొచ్చాక తీసేసేవాణ్ణి. ఇది ల్యాంప్‌రూం అలవాటు. బాయిలోకి దిగే మనిషి తన నంబరు బిళ్ల మాకిచ్చి, తలకు పెట్టుకునే క్యాప్ ల్యాంప్ తీసుకుంటాడు. పైకొచ్చాక ల్యాంప్ అప్పజెప్పి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా ఒక మనిషి లోపలే ఉన్నట్టు. అతను మర్చిపోయి ఇంటికెళ్లిపోయి ఉండొచ్చు. అయినా సరే, ఆ మనిషి ఎక్కడున్నాడో తేలేదాకా ల్యాంప్‌రూంలో ఎవరూ కదలరు.

"ఏంది మొగిలన్న, ఎండుచేపలు ఆరేసినట్టు గీ చీటీలేంది?" అని లేన్లలో కూర్చునేవాళ్లు ఎగతాళి చేసేవారు. కంప్యూటర్‌లో అన్నీ ఉన్నాయి కదా అనేవారు. కంప్యూటర్‌కు ఎవరు తిరిగి రాలేదో తెలుసు. అయితే దానికి కంగారు లేదు.

ఆ రోజు పొద్దున పది దాటాక ఒక పాత తెల్ల మారుతి వచ్చి కౌంటర్ పక్కన ఆగింది. దిగినాయనకు అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న డైరీ. పేరు సుబ్బారాయుడు గారు, తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వెనకాలే ఆయన భార్య కామేశ్వరి గారు, తల మీద తడి తువ్వాలు వేసుకుని దిగారు.

"మంత్లీ ఇవ్వండి," అన్నారాయన. "నేను లెక్క వేశాను. రోజుకెంత పడుతుందో చూస్తే మంత్లీయే చవక."

"ఎన్ని రోజులుంటరు సార్?"

"సాయంత్రం వెళ్లిపోతాం."

"మరి మిగిలిన దినాలు ఎవరు తిరుగుతరు సార్? నేను తిరగాల్నా?"

కామేశ్వరి గారు ముందుకొచ్చారు. "నలభై ఏళ్లుగా ఇదే లెక్క బాబూ. ఇంట్లో ఉన్నది ఇద్దరం. చవకొచ్చాయని డజను గొడుగులు కొన్నారు."

"గొడుగులు పాడవవే," అన్నారు మాస్టారు.

ఆమె ఆయన్ని పక్కకు జరిపి నా ప్రశ్నలకు తనే జవాబు చెప్పింది. రామగుండం జ్యోతినగర్ క్వార్టర్స్‌లో ఆమె తమ్ముడి కొడుకు ఉంటాడు, వాళ్లకు పాప పుట్టింది. చూసి, భోంచేసి, ఇదే రోడ్డున తిరిగి వచ్చేస్తారు. "నాలుగింటికల్లా ఇక్కడ ఉంటాం. నా ఇన్సులిన్ కరీంనగర్ లాడ్జీలో ఫ్రిజ్‌లో ఉంది. ఈయన మొహమాటానికి పోయి రాత్రికి ఉండిపోదాం అంటారని కావాలనే అక్కడ పెట్టొచ్చాను."

"అయితే రిటర్న్ తీస్కోన్రమ్మా. ఇప్పుడు పది పన్నెండు. రేపు పది పన్నెండు దాకా నడుస్తది. చీటీ మాత్రం పారెయ్యకున్రి."

ఆమె చీటీని మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంది. నేను కౌంటర్‌ఫాయిల్ వెనక వాళ్ల ఫోన్ నంబరు రాసి మేకుకు గుచ్చాను. "ఇంత ఎండలో మీరంతా ఎలా ఉంటారు బాబూ?" అని అడిగింది వెళ్తూ వెళ్తూ. "అలవాటయిందమ్మా," అన్నాను. మారుతి గేటు దాటి, అవతల లచ్చక్క టీ కొట్టు దగ్గర కాసేపు ఆగింది. వాళ్లు మజ్జిగ తాగడం, లచ్చక్క చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం నా కిటికీలోంచి కనిపించింది. లచ్చక్క ఎవరితోనైనా అంతే, మజ్జిగతో పాటు ఒక ముచ్చట ఉచితం.

నాలుగు దాటింది. నాలుగున్నరయింది. మేకు మీద చీటీ అలాగే ఉంది. ఫోన్ చేస్తే అందుబాటులో లేదంది. కొట్టు దగ్గరికి పోయి అడిగాను.

"సల్లగ ఉండే జాగ ఏదన్న ఉన్నదా అని అడిగిన్రు," అంది లచ్చక్క. "మీ పాత బాయి మూతి కాడ మే నెలల గూడ సలి పెడ్తదని చెప్పిన. స్వెట్టర్ ఉంటె తీస్కపోన్రి అన్న."

మా బాయి ఇంక్లైన్, అంటే నేలలోకి ఏటవాలుగా దిగే దారి. ఫ్యాన్ నడిచిన రోజుల్లో బయటి గాలిని లోపలికి లాగుతుంటే ఆ మూతి దగ్గర నిలబడినవాళ్లకు హాయిగానే ఉండేది. ఇప్పుడు ఫ్యాన్ లేదు, మూతికి గోడ కట్టేశారు. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని నుంచి తోడిపోసిన మట్టిగుట్టలు చుట్టూ పెరిగాయి. వాటి మధ్య పాత టిప్పర్ల దారి తప్ప వేరే దారి లేదు. అక్కడ చెట్టు లేదు, మనిషి లేడు, ఫోన్ పలకదు. ఇటు చూస్తే, జ్యోతినగర్‌వాళ్లు చుట్టాలు బయలుదేరారు కదా అని పడుకుని ఉంటారు. లాడ్జీవాళ్లకు వీళ్లు ఎప్పుడు రావాలో తెలియదు. ఆ ఇద్దరూ రాలేదన్న సంగతి లోకంలో నా మేకుకు తప్ప ఇంకెవరికీ పట్టలేదు.

మేనేజర్ శ్రావణ్ సార్ దగ్గరికి వెళ్లాను. హైదరాబాద్ అబ్బాయి, ముప్పై లోపు.

"సార్, ఒక బండి రాలె. నాలుగింటికి వస్తమన్నరు."

"ఏ పాస్?"

"రిటర్న్."

"రేపు పొద్దున దాకా టైముంది కదన్నా. పాప పుట్టిన ఇల్లంటున్నవు. ఉండమన్నరేమో."

"ఆమె సూది మందు కరీంనగర్ల ఉంది సార్. ఉండదు. వాళ్లు పాత బాయి తోవల ఇరుక్కున్నరు. సల్లగాలి కోసం పోయిన్రు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చల్లగాలి. మొగిలన్న, ఎండకు లారీ సాగిందని చెప్పింది నువ్వే కదా?"

అది నిజమే. లారీలకు టోల్ యాక్సిల్స్‌ను బట్టి, అంటే ఎన్ని ఇరుసులుంటే అంత. ఆయన కొత్తగా చేరిన వారంలో నేనొక మాట చెప్పాను: మా దగ్గర ఎండకు ఒక లారీ సాగి సాగి, ముందు చక్రాలు గేటు దాటినా వెనక చక్రాలు ఇంకా రాకపోతే, మధ్యలో రెండు ఇరుసులు అదనంగా బిగించి పంపామని. పాపం, ఆయన హెడ్డాఫీసుకు ఫోన్ చేసి సాగిన లారీకి ఏ కేటగిరీ వెయ్యాలని అడిగాడు. అప్పటి నుంచి నేను వాన పడుతోందని చెప్పినా ఆయన చెయ్యి బయటపెట్టి చూసుకుంటాడు.

"ఎవరు చెప్పిన్రు నీకు, వాళ్లు అటు పోయిన్రని?"

"లచ్చక్క."

"పిలువు లచ్చక్కను."

"ఇప్పుడే మంథని బస్సెక్కింది సార్."

ఆయన నవ్వబోయాడు. నేను జేబులోంచి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాను.

"బాయిల దిగెటోడు ఇది పెట్టి పోతడు సార్. నేను గూడ పెట్టి పోత. నాకు క్రేన్ ఇయ్యున్రి. ఆ బండి ఆడ లేకపోతె రేపట్నుంచి నేను డ్యూటీకి రాను. గీ కథల మొగిలి పీడ మీకు పోతది."

"క్రేన్, అంబులెన్స్ మన రోడ్డు కోసం అన్నా. రోడ్డు దిగొద్దని రూల్."

"టోల్ కట్టిన బండి సార్ అది. రోడ్డు దిగంగనే మనది కాకుండ పోతదా? మీరు రాసియ్యకుంటె నేను నడిచి పోత. నడిచి పోయేసరికి పొద్దుగూకుతది, గంతే తేడా."

ఆయన బిళ్ల వైపు చూశాడు, తర్వాత నా వైపు. "నిజం చెప్పు. ఇందుల నీ కథ ఎంత?"

"ఒక్క ముక్క లేదు."

"రఫీక్‌ను తీస్కపో. అంబులెన్స్‌ను బాయి తోవ మలుపు కాడ నిలబెడ్త."

బిళ్లను ఆ చీటీ కిందే, అదే మేకుకు తగిలించి బయలుదేరాను.

క్రేన్ డ్రైవర్ రఫీక్ గోదావరిఖని మెకానిక్‌ల కుటుంబం వాడు. ఇంట్లో దక్కనీ, మాతో మాట్లాడేది రెండూ కలిపి. మట్టిగుట్టల మధ్యకు రాగానే బండి ఆపాడు.

"భాయ్, ఇది తోవనా? పందులు గూడ రెండుసార్లు సోంచాయించి పోతయి ఈడ."

"మారుతి పోయిందిగ."

"మారుతి హల్కా ఉంటది. నా బండి వజన్ ఎన్ని టన్నులో నీకు మాలూమేనా? దిగబడితే ఈ క్రేన్‌ను లేపనీకె ఇంకో క్రేన్ కావాలె."

ముందు ఎడమ దారిన పోయాం. అది ఒక గుట్ట దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిప్పుకునేసరికి పావుగంట పోయింది. కుడి దారిన కొంత దూరం పోయాక రఫీక్ చక్రాల కింద మట్టి జారడం మొదలైంది. "బస్, ఇంక ముందరికి పోదు," అన్నాడు. నేను నీళ్ల క్యాన్ భుజాన వేసుకుని దిగాను. ఐదున్నర అవుతోంది. అయినా నేల చెప్పుల్లోంచి కాలుతోంది. మట్టిలో సన్నటి టైర్ల గుర్తులు కనిపించాయి. వాటినే చూసుకుంటూ నడిచాను. ఒక్కో మలుపులో గుర్తులు మాయమయ్యేవి. అక్కడక్కడే తిరిగి, మళ్లీ దొరికించుకుని, మళ్లీ నడిచేవాణ్ణి. వాళ్లు దొరక్కుండా వెనక్కి తిరగనని ఎవరితో అన్నానో తెలియదు, పైకే అన్నాను.

మూడో గుట్ట వెనక కారు కనిపించింది. ముందు చక్రాలు సగం దాకా దిగబడి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. సీటు మీద మాస్టారి డైరీ తెరిచి ఉంది. చివరి పేజీలో పొందికైన అక్షరాలతో లెక్క: నీళ్లు ఒక సీసా, ఇద్దరు మనుషులు, అరగంటకు రెండు గుక్కలు, ఆరున్నర వరకు. అందులో "ఇద్దరు మనుషులు" కొట్టేసి, పైన "ఆమెకు మాత్రమే" అని రాసి ఉంది.

అడుగుల గుర్తులు మా ల్యాంప్‌రూం వైపు పోయాయి. కప్పు ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు, మూడు గోడలు మిగిలాయి. నేను పన్నెండేళ్లు బిళ్లలు తగిలించిన మేకులు తుప్పు పట్టి ఒక గోడకు ఇంకా ఉన్నాయి. ఆ గోడ నీడలో కామేశ్వరి గారు పడుకుని ఉన్నారు, తల మాస్టారి ఒళ్లో. ఆయన మా ప్లాజా రేట్ల కాగితంతో ఆమెకు విసురుతున్నారు. పెదాలు ఎండిపోయి మాట రావడం లేదు, చెయ్యి మాత్రం ఆగడం లేదు.

ముందు ఆమె తల తడిపాను, తర్వాత గుక్కగుక్కగా తాగించాను. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. "చల్లగాలి ఎక్కడుంది బాబూ?" అంది.

ఆమెను వీపున వేసుకుని నడిచాను, మాస్టారు నా చొక్కా పట్టుకుని వెనక నడిచారు. క్రేన్ దాకా ఎంత దూరం మోశానో రాయను, రాస్తే నమ్మరు. రఫీక్ దూరం నుంచే మమ్మల్ని చూసి, పరిగెత్తుకొచ్చి మాస్టారిని ఎత్తుకున్నాడు. మలుపు దగ్గర అంబులెన్స్ ఉంది. గోదావరిఖని దవాఖానలో సెలైన్ ఎక్కించి, సూది మందు ఇచ్చారు. ఇంకాసేపు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు నాకు చెప్పలేదు, మాస్టారికి చెప్పాడు. ఆయన నా చెయ్యి పట్టుకున్న తీరులో నాకు తెలిసింది.

తిరిగొచ్చి మేకు మీది నా బిళ్ల తీసుకున్నాను. చీటీని అలాగే ఉంచాను.

మర్నాడు పొద్దున మారుతి ప్లాజాకు వచ్చింది. తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు, తెల్లవారుజామునే ట్రాక్టరు పెట్టి బండిని మట్టిలోంచి లాగించాడట. కామేశ్వరి గారు నీరసంగానే ఉన్నారు, కళ్లజోడు డబ్బాలోంచి చీటీ తీసి నాకిచ్చారు. మాస్టారు వాచీ చూసుకుని, "తొమ్మిది యాభై ఐదు. ఇంకా పదిహేడు నిమిషాలు మిగిలాయి," అన్నారు. నేను మేకు నుంచి కౌంటర్‌ఫాయిల్ తీసి రెండు ముక్కలూ కలిపి చూశాను. సరిపోయాయి.

శ్రావణ్ సార్ కూడా బయటికొచ్చాడు. "అసలు ఆ చోటు గురించి మీకెవరు చెప్పారమ్మా?" అని అడిగాడు.

"ఎవరో చెప్పారు లెండి," అందామె. "దారి మాత్రం సరిగ్గానే చెప్పారు."

ఆ వారంలోనే శ్రావణ్ సార్ ఇంకా పెద్ద ప్లైవుడ్ చెక్క తెప్పించాడు. మేకులు తనే కొట్టాడు, వంకరగా. ఈ కేసు నాకు నేర్పింది ఇదీ: పాస్ మీద రాసి ఉన్న గడువు బండికి, మనిషి చెప్పిన టైము మనిషికి. ఈ రెండూ ఒకటి కావు. రిటర్న్ పాస్ ఇచ్చేవాడు రెండోదాన్ని కూడా వినాలి.

ఇక్కడితో ముగించొచ్చు. అయితే మొదట్లో బిళ్ల మీద చెయ్యి పెట్టాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. లచ్చక్క ఇది చదివితే నన్ను బతకనివ్వదు కూడా.

లచ్చక్క వాళ్లకు ఏమీ చెప్పలేదు. ఆమె అంతకు రెండు రోజుల ముందే మంథని పోయింది, ఆ వారమంతా కొట్టుకు తాళమే. మజ్జిగ నా కల్పన, స్వెట్టర్ మాట నాది. "ఇంత ఎండలో ఎలా ఉంటారు బాబూ?" అని కామేశ్వరి గారు అడిగినప్పుడు నేను "అలవాటయిందమ్మా" అనలేదు. మా బాయి మూతి దగ్గర మే నెలలో పళ్లు కొట్టుకుంటాయని, మేం మధ్యాహ్నాలు అక్కడ చలిమంట వేసుకునేవాళ్లమని, చేతులు తిప్పుతూ చెప్పాను. ఎలా పోవాలని మాస్టారు అడిగితే, ఆయన డైరీలో నేనే దారి గీశాను. మట్టిగుట్టలు, మలుపులు అన్నీ. మూతికి గోడ కట్టేశారని చెప్పలేదు, చెబితే కథ పోతుందని.

కొట్టుకు తాళం ఉన్న సంగతి శ్రావణ్ సార్‌కు కూడా తెలుసట. ఆ రోజు పొద్దునే టీ కోసం పోయి ఉత్తచేతుల్తో తిరిగొచ్చాడు. మరి క్రేన్ ఎందుకిచ్చారని చాలా రోజుల తర్వాత అడిగాను. "కథ చెప్పేటప్పుడు నీ చేతులు ఊరికే ఉండవన్నా," అన్నాడు. "ఆ రోజు కదల్లేదు."

కథలు ఇప్పటికీ చెబుతాను, మానలేదు. సాగిన లారీకి ఈ మధ్య ఇంకో ఇరుసు కూడా వేశాను. ఎవరైనా దారి అడిగితే మాత్రం చేతులు జేబులో పెట్టుకుని దారి ఒక్కటే చెబుతాను.